రామసముద్రములో కార్తీకపు గాలి

రాయలసీమలో "సముద్రము" అని పేరు గల ఊళ్ళు చాలా ఉన్నాయి. తెలియనివారు ఆ పేరు విని అక్కడ అలలు, ఓడలు ఉంటాయనుకుంటారు. మా సీమలో సముద్రమంటే పెద్ద చెరువు. పూర్వము పాలకులు చెరువు తవ్వించి, దానికి తమ పేరో దేవుని పేరో చేర్చి సముద్రమని పిలిచారు. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రము అటువంటిదే. పేరును బట్టి చూస్తే మా రామసముద్రము కూడ ఆ వరుసలోనిదే. నీటి పేరు పెట్టుకున్నా, మాది నీటికొరకు ఎదురుచూచే నేల. వానలు మొగము చాటేసిన ఏట ఇక్కడ నీటికంటె నిప్పు గూర్చియే ఎక్కువగా ఆలోచించవలసి వస్తుంది. ఆ సంగతి చెప్పాలనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

2016 నవంబరు చివరి వారములో కోతపండుగకు రమ్మని మా పాత సంఘము వారు కబురు పంపారు. ఉద్యోగరీత్యా ఊరు విడిచి చాలా ఏండ్లయింది. సంతోషముగా బయలుదేరాను.

ఉదయము మదనపల్లెలో బస్సు దిగాను. టమోటా మార్కెట్టు వైపు పోయే లారీలు, ట్రాక్టర్లు, ప్లాస్టిక్ పెట్టెల దొంతరలు, కూలీల కేకలు ఎప్పటివలెనే ఉన్నాయి. కాని ఆ నెల 8వ తేదీన పెద్ద నోట్లు రద్దయినందువలన టీ కొట్టులో కూడ చిల్లర దొరకలేదు. దూరాన ఏనుగు మల్లమ్మ కొండ కనబడింది. దొరల కాలమునుండి హార్స్‌లీ కొండ అని పిలువబడుతున్న ఈ కొండ నాలుగు వేల అడుగులకు పైగా ఎత్తు. సాధారణముగా కార్తీకములో దాని తలమీద మబ్బు ఉంటుంది. ఆనాడు ఆకాశము కడిగిన పళ్ళెమువలె ఉన్నది. కొండ పక్కలు పచ్చగా లేవు, ఎండిన రాగి రంగులో ఉన్నాయి.

మదనపల్లె మన సంఘముల చరిత్రలో తెలిసిన ఊరే. అమెరికన్ ఆర్కాటు మిషను తరఫున డాక్టరు జాకబ్ చాంబర్లెన్‌గారు 1863లో ఇక్కడికి వచ్చి పని ఆరంభించారు. ఊరి వెలుపల ఆరోగ్యవరము ఉన్నది. 1912లో అనేక మిషనులు కలిసి క్షయరోగుల కొరకు స్థాపించిన ఆస్పత్రి అది. క్షయకు సరియైన మందులు లేని ఆ రోజులలో మంచి గాలి, విశ్రాంతి, ఆహారము ఇవే చికిత్స. సముద్రమట్టమునకు రెండు వేల అడుగుల పైనున్న ఈ మెట్టనేల పొడిగాలి రొమ్ము జబ్బువారికి మేలని ఎంచారు. ఎందరో ఈ గాలిని పీల్చి లేచి నడిచారు. అదే పొడిగాలి మా రైతుల గడ్డివాములకు మాత్రము శత్రువు.

మదనపల్లెకు దక్షిణముగా, పుంగనూరుకు పడమరగా ఉన్నది రామసముద్రము. అవతలికి పోతే కర్ణాటకము. ఎల్ల దాటినా భాష మారదు, శ్రీనివాసపురము, ముళబాగిలు వైపు పల్లెలలో కూడ తెలుగే వినబడుతుంది. బస్సు కిటికీలోనుండి చూస్తూ వచ్చాను. మామిడి తోపులు, మల్బరీ తోటలు, కట్టెలు నాటి కట్టిన టమోటా చేలు, కోసి కుప్ప వేసిన రాగి, పెరికి ఆరబెట్టిన చెనిక్కాయ చెట్లు కనిపించాయి. చెరువులలో తుమ్మచెట్లు తప్ప నీరు లేదు. బస్సు వెనుక లేచిన దుమ్ము ఒకచోట నిలువక పొలాలమీదుగా పడమరకు కొట్టుకుపోతూ ఉన్నది. గాలి తూర్పునుండి వీస్తున్నదని దానిని చూచి తెలుసుకున్నాను.

బస్సు దిగగానే ఎదురుగా ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. తలకు తువ్వాలు, చేతిలో కానుగ కొమ్మ. నన్ను చూచి నవ్వి, "ఏం తమ్ముడా, జోబీలో అగ్గిపెట్టె పెట్టుకొని రాలేదు గదా?" అన్నారు.

చుట్టూ ఉన్నవారికి అది వేళాకోళము. మా ఇద్దరికి మాత్రము అది నలుబది నాలుగేండ్ల నాటి కథ. అది చెప్పేముందు ఈ కాలపు గాలిని గూర్చి కొంచెము చెప్పాలి.

మా పడమటి మండలములకు వాన రెండు విడతలుగా వస్తుంది. జూనునుండి సెప్టెంబరు వరకు నైరుతి వాన, అక్టోబరునుండి డిసెంబరు వరకు ఈశాన్యపు వాన. బంగాళాఖాతములో వాయుగుండము పుట్టి, నెల్లూరు, తిరుపతి దాటి మా మెట్టకు ఎక్కి వస్తేనే చెరువులు నిండుతాయి. ఆ వాయుగుండములు రాని ఏట గాలి మాత్రము వస్తుంది, వాన రాదు. 2016లో దక్షిణ దేశమంతటా జరిగినది ఇదే. ఆ ఏటి ఈశాన్య రుతుపవనము ఘోరముగా విఫలమైనది.

అటువంటి ఏట కార్తీక మార్గశిరములలో పగలు మనలను మోసము చేస్తుంది. తెల్లవారుజామున మంచు పడి గడ్డి తడిగా ఉంటుంది, కాళ్ళు చల్లగా తగులుతాయి. "ఈ తడిలో నిప్పేమి అంటుకుంటుంది" అనిపిస్తుంది. తొమ్మిది పది గంటలకు ఎండ తగిలి ఆ తడి ఎగిరిపోతుంది. పదకొండు దాటితే గాలి లేస్తుంది. రెండు గంటల వేళకు పొద్దున తడిసిన గడ్డియే చేతిలో నలిపితే పొడి అవుతుంది. నైరుతి వానకు కొండమీద నిలువెత్తు పెరిగిన బోదగడ్డి ఈ నెలలలో ఎండుతుంది. దానిలో నూనె వాసన ఉంటుంది గదా, పట్టుకుంటే భగ్గుమంటుంది. సరిగా అప్పుడే రైతు ఏడాది పశుగ్రాసమంతా కల్లములో వాములుగా చేరుతుంది. ఎండిన గడ్డి, ఆరిన వామి, వీచే గాలి, ఈ మూడు ఒకే నెలలో కలుస్తాయి. నాలుగవది నిప్పురవ్వ. అది మాత్రము మనిషి చేతిలోనిది.

ఇక ఆ కథ. అది 1972 నవంబరు. దేశమంతా కరవు అని చెప్పుకునే సంవత్సరము. నాకప్పుడు పదకొండేండ్లు. మా నాయన సంఘపు ప్రాథమిక బడిలో ఉపాధ్యాయులు, ఆదివారము ఉపదేశి. మాకు రెండెకరాల మెట్టచేను, ఒక ఆవు. చేనిలో చెనిక్కాయలు పెరికిన తరువాత మట్టిలో మిగిలిన కాయలను పిల్లలము ఏరుకునేవారము. దానిని మావైపు పరిగె అంటారు. పరిగె కాయలను కంపపుల్లల మంటలో కాల్చి తింటే ఆ రుచి ఇంకెక్కడా రాదు.

ఒక శనివారము మధ్యాహ్నము అమ్మకు తెలియకుండ పొయ్యి దగ్గరి అగ్గిపెట్టె జోబీలో వేసుకొని చేనికి పోయాను. గట్టు పక్కన కంప పోగు చేసి అంటించాను. కాయలు చిటపటమంటూ ఉండగా గాలి ఒక్కసారి విసిరింది. మండుతున్న కంప ఒకటి లేచి గట్టుమీది ఎండుగడ్డిలో పడినది. కాలితో త్రొక్కాను, మట్టి పోశాను. కాని ఒకచోట ఆర్పేలోగా మూడుచోట్ల లేచింది. అక్కడికి ముప్పది గజాలలో కల్లము. ఊరందరు పెద్దమ్మ అని పిలిచే ఒక విధవరాలి వాములు రెండు అక్కడ ఉన్నాయి. ఒకటి చెనిక్కాయ కట్టె, ఒకటి రాగి కసువు. కేక వేయుటకు కూడ నా నోరు పెగలలేదు. పరుగెత్తి చింతచెట్టు ఎక్కి కూర్చున్నాను.

పొగ చూచి ఊరు కదిలి వచ్చింది. కానుగ కొమ్మలు విరిచి కొట్టారు. గోనెసంచులు తడిపి వేశారు. ఆడవారు బావినుండి కడవలు అందించారు. పక్క కొట్టములో కట్టిన ఎద్దులను పెద్దమ్మ తానే తాడు కోసి వెళ్ళగొట్టింది. పశువులు బ్రతికాయి. వాములు రెండూ బూడిదయ్యాయి. కరవు సంవత్సరములో అవి ఆమెకు పశుగ్రాసము మాత్రమే కాదు, ఎద్దులు నిలిస్తేనే మరుసటి ఏడు సేద్యము.

నిప్పు ఎవరు పెట్టారని వెదికారు. ఆ దారిన పసులు తోలుకొని వచ్చిన పదునాలుగేండ్ల అబ్బాయి ఒకడు కనబడ్డాడు. వానికి బీడీ అలవాటున్నదని ఎవరో అన్నారు. అడుగుట కూడ లేదు, కొట్టారు. చెట్టుమీదనుండి నేను చూస్తూనే ఉన్నాను. దిగి రాలేదు.

ఆ రాత్రి అన్నము ముద్ద గొంతు దిగలేదు. కుటుంబ ప్రార్థనలో మోకాళ్ళమీద ఉండగా ఏడుపు వచ్చింది. అంతా చెప్పేశాను. నాయన కొట్టలేదు. దీపము దగ్గరకు జరిపి నిర్గమకాండము 22వ అధ్యాయము తీసి 6వ వచనము నాచేతనే చదివించారు. ముళ్ళపొదలో రాజుకున్న మంట ప్రక్కవాని పంటను తిన్నప్పుడు, ఆ మంట వేసినవాడే నష్టము భరించాలని అందులో ఉన్నది. "అది ఎవరిమీదనో వ్రాసినది కాదు రా, మనమీదనే" అన్నారు నాయన.

తెల్లవారి మొదటి పని నన్ను ఆ పసులు కాసే అబ్బాయి ఇంటికి తీసుకొనిపోవుట. వాని తల్లిదండ్రులముందు, ఆ వీధివారిముందు "అగ్గి పెట్టింది నేను" అని నాచేత చెప్పించారు. రెండవ పని మా వామి విప్పుట. మాకున్న రెండు బండ్ల కట్టెలో ఒకటిన్నర బండి పెద్దమ్మ కల్లములో దించాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఒక మోపు తీసి నా నెత్తిన పెట్టి, "అయ్యగారా, బిడ్డ ఒప్పుకున్నాడు, నాకది చాలు. మీ ఆవు కూడా బతకాల గదా" అన్నది.

ఆవు మాకు నిలువలేదు. మాఘములో మేత లేక సంతలో అమ్మివేశాము. మా చిన్న చెల్లెలు ఆ వేసవి అంతా పాలు లేక గంజి త్రాగింది. నేను చేసిన పనికి ఎవరెవరు చెల్లించారో అప్పుడు లెక్క తెలిసింది. పెద్దమ్మ, మా ఆవు, మా చెల్లెలు, దెబ్బలు తిన్న ఆ అబ్బాయి. ఒక్క అగ్గిపుల్లకు ఇంత ఖర్చు.

ఆ అబ్బాయే బస్సు దగ్గర నాకు ఎదురు వచ్చిన అన్న. ఇప్పుడు ఆయనకు మూడెకరాల టమోటా, కొంచెము మామిడి ఉన్నాయి. నామీద ఆయనకు కోపము ఏనాడూ లేదు. అయితే ఊరికి పోయినప్పుడెల్ల ఆ అగ్గిపెట్టె మాట అనక విడిచిపెట్టరు.

సాయంత్రము ఎండ తగ్గిన తరువాత ఇద్దరము పొలాలవైపు నడిచాము. ఊరు మారినది. బోద కొట్టములు దాదాపు పోయి మిద్దెలు వచ్చాయి, కనుక ఇండ్లకు భయము తగ్గింది. కాని పొలములో భయము పెరిగిందని అన్న చెప్పారు. ఆనాడు చేనిలో కాలుటకు గడ్డియే ఉండేది. ఈనాడు డ్రిప్పు పైపులు, నేలమీద పరచే మల్చింగు షీటు, మోటారు వైర్లు, పట్టుపురుగుల షెడ్డులో తట్టలు ఉన్నాయి. అవన్నీ అప్పుతో తెచ్చినవి. గట్టుమీద వేసిన మంట తోటలోకి పాకితే నల్లపైపు నిమిషములలో కరిగి నేలకు అంటుకుంటుంది. గడ్డి మరుసటి ఏడు మొలుస్తుంది, పైపు మొలవదు గదా!

కొండపక్క ఒక భాగము నల్లగా ఉన్నది. ఆ వారమే కాలినదట. "ఎవరు?" అని అడిగాను. "ఎవురో ఒగరు. కాలిస్తే లేతగడ్డి వస్తాదంటారు. వాన పడితే గదా లేతగడ్డి!" అన్నారు అన్న. కొండ కాలితే సీతాఫలపు మొలకలు, చిన్న మొక్కలు, పిట్టల గూళ్ళు పోతాయి. వేళ్ళ పట్టు తప్పిన మట్టి మొదటి వానకు కొట్టుకొని వచ్చి చెరువులో పూడికయై నిలుస్తుంది. ఈ విధముగా కొండమీద పెట్టిన నిప్పు చెరువులోని నీటిని కూడ తగ్గిస్తుంది. సముద్రమని పేరు పెట్టిన పెద్దలు చెరువుతోపాటు కొండను కూడ కాచుకోవాలని ఎరిగియే ఉంటారు.

కొండకు మంట పైకి ఎందుకంత వేగముగా పాకుతుందో కూడ అన్న చేతితో చూపించారు. వేడి పైకి పోతుంది గనుక, పైనున్న గడ్డి మంట అందకముందే వేగి సిద్ధముగా ఉంటుంది. కాబట్టి ఆర్పుటకు పోయేవారు మంటకు పైభాగాన నిలువకూడదు. గాలి వీపుకు తగిలేటట్లు నిలిచి, మంట ప్రక్కలనుండి కొట్టుకుంటూ రావాలి. పుస్తకము చదివి నేర్చినది కాదు, చేతులు కాల్చుకొని నేర్చినది.

ఇది మా మూలనున్న పల్లెల బాధ మాత్రమే కాదు. మా పాత జిల్లాలోనే 2014 మార్చిలో తిరుమల చుట్టూనున్న శేషాచలము అడవులు అంటుకొని, వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్ళు చల్లవలసి వచ్చింది. మా అక్క కూతురు కాపురముండే అమెరికాలోని కాలిఫోర్నియాలో కూడ అక్టోబరు, నవంబరులలో ఇటువంటి పొడిగాలియే వీస్తుందట. వేసవినుండి చినుకు లేని అడవిమీద ఆ గాలి ఎత్తునుండి దిగి వీస్తుంది. 2018 నవంబరు 8న అక్కడ పారడైజ్ అనే ఊరు ఒక్క పూటలో దాదాపు అంతా కాలిపోయింది. మన బైబిలులో పరదైసు అనే మాటయే ఆ ఊరి పేరు. ఆ అగ్నిలో 85 మంది మరణించారు, 18 వేలకు పైగా కట్టడములు బూడిదయ్యాయి. కారణమేమని విచారిస్తే, పెద్ద విద్యుత్ స్తంభముమీద ఏండ్ల తరబడి అరిగిన ఒక ఇనుప కొక్కెము విరిగినదని తేలింది. మరుసటి ఏడు అక్టోబరులో గాలి లేచిన దినములలో లక్షల ఇండ్లకు ముందే కరెంటు ఆపివేశారు. "ఫ్రిజ్జులో పాలు పాడైనా ఫరవాలేదు మామా, ఊరు మిగిలితే చాలు" అని మా అమ్మాయి ఫోనులో చెప్పింది. ధనమున్న దేశములోనైనా, లేని పల్లెలోనైనా కాల్చినది చిన్న వస్తువే. ఒకచోట కొక్కెము, ఒకచోట అగ్గిపుల్ల.

ప్రియ చదువరులారా, కార్తీకమునుండి వేసవి చివరివరకు మన ఇండ్లలో పాటించదగిన కొన్ని సంగతులు అన్న చెప్పినవి, నేను చూచినవి ఇక్కడ వ్రాస్తున్నాను. గ్రాసమంతా ఒకే వామిగా వేయక, ఎడమిచ్చి రెండు మూడుగా వేయండి. ఒకటి పోయినా ఒకటి దక్కుతుంది. కరెంటు తీగల క్రింద, ఇంటి పొయ్యికి గాలివాటున వామి వేయకండి. వామి చుట్టూ నాలుగు సాళ్ళు దున్ని గడ్డి లేకుండ చేయండి. మంట ఆ మట్టిని దాటుట కష్టము. పొయ్యి బూడిదను దిబ్బమీద పోసేముందు నీళ్ళు చల్లండి, పైకి చల్లగా కనబడినా లోపల నిప్పుకణిక రాత్రంతా ఉంటుంది. గట్లు కాల్చకండి, కోసి ఎరువుదిబ్బలో వేయండి. బీడీ ముక్కను మట్టిలో రుద్దక విసరకండి. పిల్లలకు అగ్గిపెట్టె అందనీయకండి.

నిప్పు లేచినదా, మొదట పశువుల పలుపులు కోయండి. నైలాను చీరలు, చొక్కాలతో మంట దగ్గరకు పోకండి, అవి కరిగి ఒంటికి అంటుకుంటాయి. నూలుబట్ట తడుపుకొని పోండి. ఒకరు 101కి ఫోను చేసి ఊరి పేరు, దారి గుర్తు స్పష్టముగా చెప్పండి. అగ్నిమాపక బండి పట్టణమునుండి వచ్చేవరకు ఊరివారే దిక్కు. అన్నిటికంటె ముఖ్యము, తప్పు మనవలన జరిగితే చెట్టెక్కి కూర్చోకండి. మన మౌనమువలన ఇంకొకరు దెబ్బలు తింటారు.

మరునాడు ఆదివారము కోతపండుగ. కరవు ఏడు గనుక బలిపీఠముముందు కుప్పలు చిన్నవే. కొన్ని సేర్ల రాగులు, నాలుగు గుమ్మడికాయలు, ఒక బుట్ట టమోటాలు, అనపకాయలు, రెండు కోళ్ళు. వేలముపాటలో పాట పాడుటకు ఎవరి చేతిలోను చెల్లే నోటు లేదు. "తరువాత ఇద్దురులే" అని అయ్యగారు పుస్తకములో వ్రాసుకుంటూ పోయారు.

ఆరాధన ముగిసేముందు అన్న లేచి నిలబడ్డారు. ప్రక్క ఊరిలో ఆ వారము కొండమంట దిగి ఒక రైతు వామి కాలిపోయిందని, ఆయన మన సంఘస్థుడు కాడని, ఆయనకు రెండు పాడి ఆవులున్నాయని చెప్పారు. "ఇంటికొక మోపు" అన్నారు. అంతకంటె ఏమీ అనలేదు.

మధ్యాహ్నము భోజనముల తరువాత మందిరము ముందు ట్రాక్టరు వచ్చి నిలిచింది. ఆ కరవులో ఎవరి వామి వారికే చాలదు. అయినను ఒక్కొక్క ఇంటినుండి మోపులు వచ్చాయి. కొందరు రాగి కసువు, కొందరు చెనిక్కాయ కట్టె, ఒక అవ్వ అయితే చెరుకు ఆకు కట్ట తెచ్చింది. నోట్లు చెల్లని ఆ నెలలో కసువు మోపు చెల్లింది. నాకు ఇప్పుడు చేను లేదు, వామి లేదు. అన్న తన వామినుండి ఒక మోపు లాగి, కట్టి, మారు మాట లేకుండ నా నెత్తిన పెట్టారు. పెద్దమ్మ పెట్టిన మోపు బరువు గుర్తుకు వచ్చింది.

ట్రాక్టరు కదిలినప్పుడు గాలి ఇంకా తూర్పునుండే వీస్తున్నది. అన్న డ్రైవరును ఆపి, జోబీలో బీడీలు, అగ్గిపెట్టె తీసి ఇచ్చి పొమ్మన్నారు. అతడు నవ్వుతూ ఇచ్చాడు. అన్న వాటిని నా చేతిలో పెట్టి, "నువ్వే పెట్టుకో తమ్ముడా, నీకైతే దాని విలువ తెలుసు" అన్నారు.